వాయిదా కట్టొద్దన్న మనిషి

జూన్ 3

వదినకి మూడో నెల. అన్నయ్య ఆ మాట చెప్పి, నవ్వుతూ నవ్వుతూనే నా గది వైపు ఒకసారి చూశాడు. అడిగితే చూడలేదంటాడు. చూశాడు.

తప్పేం లేదు. ఇల్లు వాళ్ళది, అదీ అద్దెది. రెండు గదులు, ఒక వంటిల్లు. అమ్మ పోయినప్పటినుంచీ ముందు గదిలో నేను, నా బీరువా, నా పుస్తకాల పెట్టెలు. పుట్టబోయేవాళ్ళకి ఉయ్యాల ఎక్కడ వేస్తారు, వంటింట్లోనా? అందుకే ఫ్లాటు చూస్తున్నారట. "నీకూ ఒక గది ఉండేలాగే చూస్తున్నాంలేవే," అన్నాడు అన్నయ్య, నేనేదో అడిగినట్టు.

నేనేం అడగలేదు. ఎవర్నీ ఏమీ అడగను. ఈ చదువు అప్పు ఒక్కటి తీరితే రేపే వేరే గది తీసుకుని వెళ్ళిపోతాను. ఫిజియోథెరపీ చదివి రోజంతా జనాన్ని వాళ్ళ కాళ్ళమీద నిలబెడుతున్నాను. నా సంగతి చూస్తే జీతం పడిన వారంలోనే సగం వాయిదాకి పోతోంది. ఆ అప్పుకి హామీ సంతకం అన్నయ్యది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ వినిపిస్తుంది.

జూన్ 5

ఫోన్‌లో ఒక ప్రకటన చూశాను. చదువు అప్పుల విముక్తి కేంద్రం. పైన ప్రభుత్వ ముద్రలాంటిది ఉంది. నా నంబరు ఇచ్చి, టీకి నీళ్ళు పెట్టానో లేదో ఫోన్ వచ్చింది. సలహాదారునని చెప్పుకున్నారు. ఎంత నెమ్మదైన గొంతో! నా అప్పు గురించి ఇంత ఓపిగ్గా విన్న మనిషి ఇంతవరకూ లేరు.

"ఇప్పటిదాకా ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదా అమ్మా?"

"లేదండీ."

"చూశారా! మీలాంటి నిజాయితీపరుల కోసమే ఈ పథకం. మీకు మాఫీ ఖాయం."

నా అప్పు ఏ బ్యాంకులో ఉందో అప్పటికి నేనింకా చెప్పనేలేదు. అయినా ఖాయం అన్నారు. ఎంత అనుభవం ఉండి ఉంటుంది!

జూన్ 6

వదిన దగ్గర నోరు జారాను. ఆవిడ చెప్పుల దుకాణంలో క్యాషియరు కదా, ఎవరు ఏం చెప్పినా చిల్లర లెక్కపెట్టినట్టు వింటుంది.

"మాఫీ చేసేవాడు నీ దగ్గర ముందే డబ్బెందుకు తీసుకుంటాడు?"

"అది దరఖాస్తు ఫీజు వదినా."

"అప్పిచ్చిన బ్యాంకుని అడిగావా?"

"వాళ్ళు చెప్తారా? వడ్డీ పోతుందని వాళ్ళ ఏడుపు వాళ్ళది."

"ఈ మాట నీదా, అతనిదా?"

నాదే. అంటే, ఆయన అన్నారు. నాకూ అలాగే అనిపించింది కాబట్టి నాదే.

"నా అప్పు, నా తంటా. మీ ఆయన సంతకం పెట్టాడని పూటకోసారి సంజాయిషీ చెప్పుకోవాలా?" అనేశాను. వదిన గిన్నెలు కడుక్కుంది. అవి కొంచెం గట్టిగానే మోగాయి.

సలహాదారు గారు ముందే చెప్పారు. "ఇంట్లోవాళ్ళు భయపెడతారమ్మా. చదువుకున్నవాళ్ళు, మీ నిర్ణయం మీరు తీసుకోగలరు కదా?" తీసుకోగలను.

జూన్ 7

కట్టేశాను. పథకానికి ఆఖరి రోజు రేపేనట. సమయానికి చూశాను, అదృష్టం.

జూన్ 9

కాగితాలన్నీ పంపాను. బ్యాంకులో నా అప్పు ఖాతా తెరిచే పాస్‌వర్డు కూడా అడిగారు. కొంచెం తటపటాయించాను.

"మీ తరఫున మాట్లాడాలంటే తాళంచెవి మా దగ్గరుండాలి కదమ్మా?"

నిజమే కదా. ఫోన్‌కి ఓటీపీ వస్తే అదీ చదివి చెప్పాను. చెప్పాక ఆయన ఇంకో మాటన్నారు. "వచ్చే నెల నుంచి వాయిదా కట్టొద్దు. కడితే మీకు స్తోమత ఉందనుకుని దరఖాస్తు కొట్టేస్తారు. బ్యాంకుతో మీరు మాట్లాడొద్దు. మేం మాట్లాడుకుంటాం."

కట్టొద్దు! చదువు అయిపోయినప్పటినుంచీ ఈ మాట నాతో అన్న మనిషి ఈయనొక్కరే. జీతంలోంచి దానంతటదే కోసుకునే ఏర్పాటు సాయంత్రమే ఆపించేశాను.

జూలై 6

నిన్న వాయిదా తేదీ. జీతం అంతా ఖాతాలోనే ఉంది. ఉదయం నుంచి నాలుగైదుసార్లు చూసుకున్నాను, ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని.

వదినకి ఉక్కగా ఉంటోందని టేబుల్ ఫ్యాను కొని తెచ్చాను. డబ్బా విప్పకుండానే, "వాయిదా కట్టావా?" అంది. మనిషన్నాక ముందు ఫ్యాను బాగుందనాలి.

జూలై 19

బ్యాంకు నుంచి ఒక్క మెసేజీ లేదు, ఒక్క ఫోన్ లేదు. ఇదివరకు ఒక్క పూట ఆలస్యమైతే ప్రాణం తీసేవాళ్ళు. ఇప్పుడు నోరు మూసుకున్నారు. ఆయన మాట్లాడారన్నమాట.

చూశావా వదినా.

ఆగస్టు 12

ఆఖరి దశకి వచ్చిందట. ఇంకొక ఫీజు కడితే మాఫీ పత్రం చేతికొస్తుంది. కొత్త గది అడ్వాన్సుకని దాచినది ఉంది. అప్పే లేకపోతే అడ్వాన్సు మళ్ళీ ఎంతలో కూడుతుంది?

ఆగస్టు 13

కట్టాను. ఆఫీసు ఎక్కడుందండీ అని అడిగాను. అనుమానంతో కాదు, ఊరికే. "ఇప్పుడంతా ఆన్‌లైనేనమ్మా," అన్నారు. ఆయన గొంతు మామూలుగా కంటే కొంచెం పొడిగా ఉంది. జలుబేమో.

ఆగస్టు 26

ఫోన్ ఎత్తడం లేదు. పని ఎక్కువై ఉంటుంది.

ఆగస్టు 30

పని ఎక్కువై ఉంటుంది.

సెప్టెంబరు 9

ఇవాళ రాయకూడదనుకున్నాను. రాయకపోతే రేపు నాకు నేనే ఇంకో కథ చెప్పుకుంటాను. అందుకని రాస్తున్నాను.

మధ్యాహ్నం నాకు సెలవు. ఇంట్లో ఉన్నాను. అన్నయ్య డిపో నుంచి వేళకాని వేళ వచ్చాడు. బస్సుల కింద దూరే బట్టలతోనే వచ్చాడు, చేతులకి గ్రీజు కూడా వదల్లేదు. వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఫ్లాటు లోను కొట్టేశారట.

"నేను హామీ ఉన్న అప్పుకి వాయిదాలు కట్టడం లేదంటున్నారు. వరసగా మూడు. నా ఫోన్‌కి కూడా మెసేజీలు పంపారంట, నేనెప్పుడు చదివాను కనుక." ఇంతవరకూ చెప్పి నవ్వాడు. "వాళ్ళ కంప్యూటర్లో ఏదో పొరపాటు. మా చెల్లెలు అలాంటిది కాదయ్యా అని మేనేజరు మీద అరిచి మరీ వచ్చాను. నీ రసీదులు ఇవ్వు, తీసుకెళ్ళి మొహాన కొడతాను."

వాడు తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. తిట్టలేదు. చెయ్యి చాపాడు రసీదుల కోసం.

"ఎగ్గొట్టడం కాదన్నయ్యా," అన్నాను. "మాఫీ అవుతోంది. వాళ్ళే కట్టొద్దన్నారు."

"ఎవరు?"

దుకాణం నుంచి అప్పుడే వచ్చిన వదిన సంచీ కింద పెట్టకుండా గుమ్మంలో నిలబడిపోయింది. తరవాత నా ఫోన్ తీసుకుని ఆ నంబరుకి తనే చేసింది. స్పీకరు పెట్టకపోయినా ఆ గదిలో అందరికీ వినిపించింది. ఈ నంబరు వాడుకలో లేదు.

ముందే చెప్పానా లేదా అని వదిన అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆయన, ఆయన అని ఇన్నాళ్ళూ రాశాను. ఇక వాడు.

సెప్టెంబరు 10

బ్యాంకుకి ఒక్కదాన్నే వెళ్ళాను. అన్నయ్య వస్తానన్నాడు, వద్దన్నాను. లోన్ల మేడమ్ నా వయసే ఉంటుంది. కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది.

"జూన్‌లో మీ ఫోన్ నంబరు, ఈమెయిలు మార్చుకున్నారు కదా?"

"నేను మార్చలేదు."

"మీ పాస్‌వర్డుతోనే మారాయి."

అదీ సంగతి. బ్యాంకు మెసేజీలన్నీ వాడికే వెళ్ళాయి. ఇక్కడ నేను చూశావా వదినా అని రాసుకుంటూ కూర్చున్నాను.

నంబరు, పాస్‌వర్డు అన్నీ అక్కడికక్కడే మార్పించింది. వాడికి డబ్బు పంపిన ఖాతా మీద ఫిర్యాదు రాయించుకుంది, పోలీసు ఫిర్యాదు కూడా ఆలస్యం చేయొద్దంది. లేచేముందు అడిగాను.

"వాయిదా తగ్గించమని బ్యాంకుని అడగాలంటే ఫీజు ఎంతవుతుంది?"

"ఫీజేంటండీ? ఏమీ లేదు. జీతం కాగితం తెచ్చి అడిగితే చాలు. గడువు పెంచి వాయిదా తగ్గిస్తాం. మాఫీ గీఫీ అయితే మా చేతిలో ఉండదు, ఎవరి చేతిలోనూ ఉండదు. ఇది మాత్రం ఉంటుంది. ఎప్పుడూ అడగలేదా మీరు?"

అడగలేదు. ఎవర్నీ ఏమీ అడగను కదా.

ఏడవలేదు. బ్యాంకులో కూర్చుని ఏడిస్తే వాడికి మూడో ఫీజు కట్టినట్టు. ఇంటికి నడిచి వచ్చాను. దారంతా వాడు అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నా బ్యాంకు పేరు తెలియకుండానే ఖాయమన్నాడు. రేపే ఆఖరన్నాడు. ఇంట్లోవాళ్ళు భయపెడతారన్నాడు, బ్యాంకుతో మాట్లాడొద్దన్నాడు. ప్రతి మాటా మెడలో పలక కట్టుకుని నిలబడ్డట్టే ఉంది. ఒక్కదాన్నీ చదవలేదు నేను. చదివిన వదినని నోరు మూయించాను.

సెప్టెంబరు 11

పోలీస్ స్టేషన్. ఫిర్యాదులు రాసుకునే కానిస్టేబుల్ నేను చెప్పింది సగం విని నవ్వాడు.

"ఇంత చదువుకున్నారు, పాస్‌వర్డు ఎలా ఇచ్చారండీ?"

"నవ్వడం అయ్యాక చెప్పండి. నేను కూర్చునే ఉంటాను."

అయింది. రాశాడు. తేదీ తప్పు రాస్తే సరిచేయించాను. వాడు మాట్లాడిన నంబర్లు, నేను పంపిన మెసేజీలు, డబ్బు వెళ్ళిన ఖాతా అన్నీ ఇచ్చాను. ఫిర్యాదు నకలు చేతికిచ్చేదాకా కదల్లేదు. పక్క కుర్చీలో స్కూటర్ పోగొట్టుకున్నాయన ఉన్నాడు. ఆయన్ని చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. తాళం వేయలేదట, అయినా నవ్వలేదు!

సెప్టెంబరు 15

ఆ ఫ్లాటు వేరేవాళ్ళు తీసుకున్నారు.

అన్నయ్య "పోతే పోయింది, అక్కడ నీళ్ళ ఇబ్బందట," అన్నాడు. అబద్ధం. వాడికి అబద్ధం చెప్పడం వస్తే చెవులు ఎర్రబడవు.

వదిన బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే అంది. "నీకు క్షమించమని అడగడం రాదా?"

"వచ్చు."

"ఏమో. ఈ ఇంట్లో ఎప్పుడూ విన్లేదు."

నాకు మండింది. మోసపోయింది నేను, డబ్బు పోయింది నాది, మళ్ళీ క్షమాపణ కూడా నేనేనా అనుకున్నాను. తలుపేసుకున్నాను. ఆ ఫ్లాటులో వంటింటి కిటికీకి ఏ రంగు తెర వేయాలో వదిన అప్పటికే అనుకుని పెట్టుకుందని నాకు తెలుసు. ఈ సంగతి తలుపేసుకున్నా లోపలికి వచ్చింది.

సెప్టెంబరు 16

అడిగాను. వంటింటి గుమ్మంలో నిలబడి, మొత్తం, ఆ గిన్నెల రోజు అన్న మాటతో సహా.

వదిన, "ఆ ఉప్పు డబ్బా అందుకో," అంది.

అందించాను.

సెప్టెంబరు 24

ఇవాళ చాలా రోజుల తరవాత బాగుంది.

పొద్దున క్లినిక్కు వ్యాయామాల గదిలో ఉన్నాను. మోకాలు మార్పించుకున్న రిటైర్డు హెడ్మాస్టరమ్మ సైకిలు తొక్కుతోంది. భుజం పట్టేసిన టైలర్ గారు గోడకున్న కప్పీ తాడు పట్టుకుని ఒక చేత్తో ఇంకో చేతిని పైకి లాక్కుంటున్నారు. తెలియని నంబరు నుంచి ఫోన్.

"మీరు ఒక సంస్థ చేతిలో మోసపోయారని మాకు సమాచారం ఉందమ్మా. మీ డబ్బు తిరిగి ఇప్పించే విభాగం నుంచి మాట్లాడుతున్నాను."

అదే గొంతు. నెమ్మదిగా, మెత్తగా, నొప్పి తెలియకుండా. జూన్‌లో సలహాదారు, సెప్టెంబరులో అధికారి. ప్రమోషన్ వచ్చినట్టుంది.

స్పీకరు పెట్టి, గొంతు మొత్తం పెంచి, ఫోన్‌ని టవళ్ళ బల్లమీద పెట్టాను. హెడ్మాస్టరమ్మ సైకిలు ఆపింది.

"చాలా సంతోషమండీ. నాకేం చేయమంటారు?"

"చిన్న ఫీజు కడితే రెండు రోజుల్లో మీ డబ్బంతా మీ ఖాతాలో పడుతుంది. ఇవాళే కట్టాలి."

"ఒక పని చేయండి. మీరు నాకు ఇప్పించే డబ్బులోంచే ఆ ఫీజు పట్టుకుని, మిగిలింది పంపండి."

అటువైపు కాగితాలేవో తిరగేసిన చప్పుడు.

"అలా కుదరదమ్మా. రూల్స్ ఒప్పుకోవు."

"పోనీ నా అప్పు ఏ బ్యాంకులో ఉందో చెప్పండి. ఇప్పించే విభాగం కదా, తెలిసే ఉంటుంది. ఓ, తెలుసు మీకు! నా ఫోన్ నంబరు తీసేసి మీ నంబరు పెట్టుకున్నది అక్కడే కదా?"

మెత్తదనం ఠక్కున పోయింది. "మర్యాదగా మాట్లాడండి. సహకరించకపోతే మీమీద కేసవుతుంది. మీ అన్న జీతం ఆపించేస్తాం."

"పెట్టండి. స్టేషన్లో మీ గురించి నేను ముందే చెప్పి ఉంచాను. ఒకసారి వచ్చి కనిపిస్తే వాళ్ళకీ పని తగ్గుతుంది."

అప్పుడు హెడ్మాస్టరమ్మ సైకిలు మీంచే కేకేసింది. "ఎవడ్రా నువ్వు? ఏ బళ్ళో చదివావు? మీ మాస్టారెవరో చెప్పు ముందు!" ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టిన గొంతు అది. ఫోన్ పెట్టేశాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

టైలర్ గారు నవ్వలేదు. తాడు వదిలేశారు, కప్పీ గిర్రున తిరిగింది.

"ఈ గొంతు నాకు తెలుసమ్మా," అన్నారు. "మా అమ్మాయి నర్సింగు సీటుకి లోను ఇస్తామన్నది ఇతనే. వడ్డీ లేదన్నాడు. మంజూరైపోయిందని కాగితం కూడా పంపాడు. బీమా ఫీజు ఇవాళ కట్టాలని మా ఆవిడ ఇప్పుడే బ్యాంకుకి బయల్దేరింది. పిల్ల కోసమని దాచిన డబ్బమ్మా అది."

ఆవిడకి ఫోన్ చేశారు, ఎత్తలేదు. మళ్ళీ చేశారు, ఎత్తలేదు. నేను స్కూటర్ తాళాలు తీసుకున్నాను. పెద్ద డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, "పేషెంట్లని వదిలేసి ఎక్కడికి?" అన్నారు. "మేం తొక్కుకుంటాంలే, వాళ్ళని వెళ్ళనివ్వండి," అంది హెడ్మాస్టరమ్మ, ఆ క్లినిక్కు తనదైనట్టు.

టైలర్ గారు వెనక కూర్చుని బాగున్న చేత్తో సీటు పట్టుకున్నారు. నేను ఎలా నడిపానో ఇక్కడ రాయను. కానిస్టేబుల్ చదివితే మళ్ళీ నవ్వుతాడు.

నా అప్పున్న బ్యాంకే అది, ఆవిడ కౌంటరు వరసలో ఉంది. ముందు ఇద్దరే ఉన్నారు. భర్త చెప్పింది వినలేదు.

"ఇవాళ కట్టకపోతే లోను రద్దంట. సీటు పోతుంది. చివరి నిమిషంలో అడ్డం పడకండి!"

"అది మోసమండీ," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరెవరండీ మధ్యలో? మాలాంటివాళ్ళ పిల్ల చదువుకుంటే మీకేంటి కష్టం? మా నిర్ణయం మేం తీసుకోలేమా?"

ఆ మాట వాడు నాతో అన్న మాట. నేను వదినతో అన్నదీ ఇంచుమించు అదే. ఇప్పుడు ఈవిడ నోట్లో ఉంది. వాడు మాకు అమ్మింది మాఫీ కాదు, లోనూ కాదు. మా పంతం మాకే అమ్మాడు.

బతిమాలితే వినదని తెలుసు, ఎందుకంటే నేను వినలేదు. నా ఫోన్ తెరిచి నేను పంపిన రెండు చెల్లింపులూ ఆవిడ ముందు పెట్టాను.

"నేను కట్టానండీ. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇదే మనిషికి. మీకు ఇచ్చిన ఖాతా నంబరు తీసి ఇది అదేనో కాదో చూసుకోండి. కాకపోతే నేను వెళ్ళిపోతాను."

అంత గట్టిగా చెప్పక్కర్లేదేమో. వరసలో ఉన్నవాళ్ళందరూ తిరిగి నా మొహం చూశారు. చూడనీ. మోసపోయిన మొహం ఎలా ఉంటుందో జనానికి తెలియాలి. మామూలుగానే ఉంటుంది.

ఆవిడ సంచీలోంచి కాగితం తీసింది. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. ఆఖరి అంకె దాటాక కూడా వేలు కాసేపు అక్కడే ఉంది. తరవాత వరసలోంచి పక్కకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. డబ్బు సంచీ రెండు చేతులతో పొట్టకి అదుముకుంది.

"లోను రాదా మరి?" అంది.

లోన్ల మేడమ్ గది అదే అని చూపించి, ముగ్గురం వెళ్ళి కూర్చున్నాం. నర్సింగుకి ఆ బ్యాంకే ఇస్తుందట. వడ్డీ ఉంటుంది. ముందే ఫీజు కట్టమని ఎవరూ ఫోన్ చేయరు.

సెప్టెంబరు 25

టైలర్ గారితో స్టేషన్‌కి వెళ్ళాను. అదే కానిస్టేబుల్. ఈసారి నవ్వలేదు, కుర్చీ వేశాడు.

సెప్టెంబరు 27

వ్యాయామాల గది గోడమీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించాను. చదువు అప్పు మాఫీ చేయిస్తామని ముందే డబ్బడిగేవాడికి ఇవ్వకండి, నేను ఇచ్చి పోగొట్టుకున్నాను, వివరాలు కావాలంటే నన్నే అడగండి అని.

పెద్ద డాక్టరు చూసి, "బాగానే ఉంది కానీ, 'నేను' ఎందుకు? 'ఒకరు' అని రాయండి. మన క్లినిక్కుకి బాగుండదు," అన్నారు.

"ఒకరు ఎవరో తెలియకపోతే ఎవర్ని అడుగుతారు సార్?"

ఆయన మూల ఊడుతున్న టేపుని బొటనవేలితో నొక్కి వెళ్ళిపోయారు.

ఇవాళ అడిగినవాళ్ళు ముగ్గురు. ఒకాయన అయితే మోకాలి నొప్పి సంగతే మర్చిపోయాడు.

అక్టోబరు 8

స్టేషన్ నుంచి ఫోన్. డబ్బు వెళ్ళిన ఖాతా ఆపించారట. అందులో మిగిలింది కొద్దిగానే, వాటా అడిగేవాళ్ళు చాలామంది. నాది వస్తుందో రాదో చెప్పలేమన్నారు. మనిషి దొరకలేదు.

రాదనే అనుకుంటున్నాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడుగుతూనే ఉంటాను. అడగడం ఇప్పుడు బాగా అలవాటైంది.

అక్టోబరు 14

వాయిదా తగ్గించడానికి బ్యాంకు ఒప్పుకుంది. గడువు పెరుగుతుంది. అన్నయ్య రిటైరయ్యేలోపు తీరుతుందిలే అని నేను జోక్ వేస్తే ఎవరూ నవ్వలేదు. కొత్త ఒప్పందానికి హామీదారు మళ్ళీ సంతకం పెట్టాలట. కాగితాలు ఇంటికి తెచ్చాను. భోజనాల బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఇంతకంటే ఆ రోజు బ్యాంకు వరసలో అరవడమే తేలిక.

"అన్నయ్యా, ఇంకొక్కసారి సంతకం పెడతావా?"

"ఎక్కడ?" అన్నాడు. చూపించకముందే పెన్ను మూత తీసేశాడు. మొదటిసారీ ఇంతే. చదవలేదు, ఎంత అని అడగలేదు.

వదిన వాడి చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"చదవకుండా ఈ ఇంట్లో ఇక ఎవరూ సంతకం పెట్టరు."

"మన పిల్లే కదే," అన్నాడు అన్నయ్య.

"మన పిల్లే కాబట్టి."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడో నెల పొట్ట బల్లకి తగులుతుంటే కాగితాలు కొంచెం ఎత్తి పట్టుకుని మొదటి లైను నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా ఆగి నా వైపు చూసింది. నాకు తెలిస్తే చెప్పాను. తెలియకపోతే తెలియదన్నాను. ఆ మాట నా నోట్లోంచి అన్నిసార్లు రావడం అన్నయ్యకి కొత్తగా ఉన్నట్టుంది, బుగ్గలో నవ్వు దాచుకున్నాడు. సగం దూరం వచ్చాక వదిన వేలు ఒకచోట ఆగింది.

"ఈ బీమా ఏంటి? పక్కన టిక్కు ఉంది. నువ్వు పెట్టావా?"

"నేను పెట్టలేదు."

"మీ మేడమ్‌కి ఫోన్ చెయ్యి."

బ్యాంకు కాగితం మీదున్న నంబరుకే చేశాను. వదిన ఫోన్ తీసుకుని స్పీకరు పెట్టింది. "నమస్తే అండీ. మీరు పంపిన కాగితంలో బీమా అని ఉంది. అది తప్పనిసరా?"

"కాదండీ, కావాలంటేనే."

"మరి టిక్కు ఎవరు పెట్టారు?"

లోన్ల మేడమ్ కంప్యూటర్ కీలు నొక్కిన చప్పుడైంది. తరవాత, "వద్దనుకుంటే కొట్టేసి పక్కన సంతకం పెట్టండి," అంది.

"కొట్టేస్తున్నాను," అంది వదిన. స్కేలు తెమ్మంది నన్ను. తెచ్చాను. ఆ లైను మీద అడ్డంగా, నిదానంగా గీత గీసింది. తరవాత మళ్ళీ చదవసాగింది. అన్నయ్య ఆకలంటే ఉండమంది. ఆఖరి పేజీ అయ్యాకే పెన్ను వాడి చేతికిచ్చింది.

"ఇప్పుడు పెట్టు."

వాడు పెట్టాడు. తరవాత నేను పెట్టాను. అలా పెట్టేముందు నా వంతుగా నేనూ ఒకసారి మొత్తం చదివాను. వదిన తొందరపెట్టలేదు.